పొర తెగే వోల్టేజీ, కణం చుట్టూ ఉన్న ద్రావణం

ప్రశ్న: గోడ తీసేసిన మొక్క కణాల్లోకి విద్యుత్ పల్సులతో డీఎన్‌ఏ ఎక్కించేటప్పుడు, చుట్టూ ఉన్న మానిటాల్ (చక్కెర లాంటి పదార్థం) ద్రావణం చిక్కబడితే పల్సు బలం ఎందుకు పెంచాలి?

జవాబు: ఆవకాయ జాడీలో మామిడి ముక్క నీరు వదిలి ముడుచుకున్నట్లే, చిక్కని ద్రావణంలో కణం నీరు కోల్పోయి చిన్నదవుతుంది. డీఎన్‌ఏ లోపలికి వెళ్లాలంటే కణాన్ని చుట్టి ఉన్న పలుచని పొర తెగాలి. ఆ పొర మీద ఏర్పడే గరిష్ఠ వోల్టేజీ, విద్యుత్ క్షేత్రబలాన్ని (అంటే పల్సు బలాన్ని) కణ వ్యాసార్ధంతో గుణించగా వచ్చినదానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. కనుక ఒక వోల్టు దగ్గర పొర తెగుతుందనుకుంటే, 20 మైక్రాన్ల వ్యాసార్ధం గల కణానికి సెంటీమీటరుకు సుమారు 330 వోల్టులు సరిపోగా, 15 మైక్రాన్లకు కుంచించుకుపోయినప్పుడు దాదాపు 440 కావాలి. పలుచని ద్రావణంలో ఇందుకు విరుద్ధంగా కణం ఉబ్బి, తక్కువ క్షేత్రానికే పొర తెగుతుంది. మరీ ఉబ్బితే కణం పగిలిపోవచ్చు కూడా. గోడ ఉన్న కణాల సంగతి వేరు: వలోనియా అనే సముద్రపు శైవలంలో లోపలి పీడనం పెరిగేకొద్దీ పొర తెగే వోల్టేజీయే తగ్గుతుందని 1970లలో జిమ్మర్‌మాన్, కోస్టర్ తదితర శాస్త్రవేత్తలు చూపారు.