కాలనీ ఖాళీ స్థలంలో కూరలు, గట్ల మీద ఆకులు: గుంటూరులో మా అనుభవం

"విజయవాడలో మా అపార్ట్‌మెంట్ పక్కన ఖాళీ స్థలం ఉంది. నలుగురం కలిసి కూరగాయలు వేసుకుందామనీ, ఊరి చివర దొరికే ఆకుకూరలు ఏరుకుందామనీ అనుకుంటున్నాం. ఎవరైనా చేశారా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు కదా. మేం చేశాం, చేస్తున్నాం. మాది గుంటూరు, లాం వెళ్ళే దారిలో ఒక కాలనీ. పద్నాలుగు ఇళ్ళవాళ్ళం మూడు సెంట్లలో మొదలుపెట్టి ఇది నాలుగో ఏడు. మధ్యలో ఒకసారి మొత్తం పోయింది, ఆ సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

ముందు ఒక మాట. విత్తనాలు, గ్రో బ్యాగులు, యూట్యూబ్ వీడియోల దగ్గర మొదలుపెట్టకండి. మీ చుట్టుపక్కల ఆకులు తెలిసిన మనిషి ఎవరో వెతకండి. ప్రతి ఊళ్ళో, ప్రతి పేటలో ఒకరుంటారు, ఎక్కువగా వయసు మళ్ళిన ఆడవాళ్ళు. మేం ఆ పని ఆరు నెలలు ఆలస్యంగా చేశాం, అదీ మా తెలివి వల్ల కాదు.

మొదటి ఏడు తొలకరికి మేం వేసిన పాలకూర రాలేదు గానీ మడుల నిండా గలిజేరు చాప పరిచినట్టు మొలిచింది. కలుపనుకుని ముగ్గురం కూర్చుని పీకుతున్నాం, గోడవతల పోస్తున్నాం. మేకలు తోలుకెళ్తున్న ఒక పెద్దావిడ ఆగి, "కూరంతా పీకి పారబోస్తన్నారేందమ్మా?" అంది. అని ఊరుకోలేదు. మేకల్ని చెట్టు కింద వదిలేసి వచ్చి గొంతుక్కూర్చుని, మేం పారేసిన కుప్పని మూడు కుప్పలు చేసింది. మనకి, మేకలకి, ఎవరికీ వద్దు. మొదటి దాంట్లో గలిజేరు, గంగవావిలి, కొయ్య తోటకూర. మూడో దాంట్లో వయ్యారిభామ, ఇంకా నేలకి అతుక్కుని పాకే చిన్న మొక్క ఒకటి. నా కంటికి ఆ పాకే మొక్కా గంగవావిలీ ఒకటే. ఆవిడ రెండిటి కాడల్నీ గోటితో తుంచి నా కళ్ళ ముందు పెట్టింది. గంగవావిలి కాడ నుంచి నీటి చెమ్మ. రెండోదాని నుంచి తెల్లటి పాలు, చుక్కగా. "పాలొచ్చిందా, వదిలెయ్యి" అంది. అది నానబాలు జాతి, తినకూడదు. (ఈ గుర్తు ఈ రెండిటి తేడా చెప్పడానికే. పాలు రానివన్నీ తినొచ్చని అర్థం చేసుకునేరు.)

అప్పటినుంచి పెద్దమ్మే మా గురువు. ఆవిడతో నాలుగు ఆదివారాలు గట్ల మీద నడిస్తే తెలిసినంత ఫోన్‌లో ఫొటోలు చూస్తే తెలియదు. పేర్లే పెద్ద చిక్కు. గలిజేరు అనే పేరు మీద మనవైపు రెండు వేరు వేరు మొక్కలు చలామణీ అవుతున్నాయి. వాట్సాప్‌లో దాన్నే పునర్నవ అనీ, కిడ్నీలకి దివ్యౌషధం అనీ తిప్పుతుంటారు. నిజానికి గలిజేరు, గంగవావిలి రెండిట్లోనూ ఆక్సలేట్లు ఎక్కువ. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు వీటికి దూరంగా ఉండటం మేలు. మిగతావాళ్ళయినా ఉడికించి నీళ్ళు వంచేసి, పప్పులో వేసుకుని కూరలాగా తినండి, మందులాగా కాదు.

ఎక్కడ కోయకూడదో తెలియడం ఇంకా ముఖ్యం. మీది విజయవాడ కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే పోతాయి, గట్టున పొన్నగంటి నిగనిగలాడుతూ కనిపిస్తుంది. దాని జోలికి వెళ్ళకండి. ఊరి మురుగు ఆ నీళ్ళలో కలుస్తుంది. పొన్నగంటి కావాలంటే రైతు బజారులో ఒక కట్ట కొని, ఆకు వండుకుని, కాడలు తడి మట్టిలో గుచ్చండి. కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. మా మడిలో ఉన్నదంతా అలా ఒక్క కట్ట నుంచి వచ్చిందే. ఇక మా వైపు గండం కాలువ కాదు, మిరప, పత్తి చేలు. పురుగుమందు కొట్టిన చేను గట్టు, కలుపు మందు కొట్టిన గట్టు వదిలెయ్యాల్సిందే. ఎవరి చేలోకైనా వాళ్ళని అడిగే దిగండి. అడిగితే, ఎప్పుడు మందు కొట్టారో కూడా వాళ్ళే చెబుతారు. మీకు బ్యారేజీ దాటితే ఉండవల్లి, పెనుమాక ఉన్నాయి, ఏడాది పొడవునా కూరలు పండించే రైతులు. వాళ్ళతో ఒక పొద్దున గడిపితే చాలా తెలుస్తుంది.

పండించే సంగతికి వస్తే, కాలనీ ఖాళీ స్థలం అంటే మట్టి అనుకోకండి. మాది పైనొక అడుగు లోతు వరకు సిమెంటు పెళ్ళలు, టైల్స్ ముక్కలు, గోతాం పీలికలు. దాని కింద నల్లరేగడి. వాన పడితే మూడు రోజులు నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి, ఎండాకాలం నెర్రెలు విచ్చుకుని చెయ్యి పడుతుంది. జానెడు ఎత్తు మడులు వేశాకే ఏదైనా బతికింది.

మట్టి కోలుకోవడానికి దారి చూపింది డ్వాక్రా ఆడవాళ్ళు. మా ఇంట్లో పనికి వచ్చే ఆమె వదిన వాళ్ళ ఊళ్ళో ప్రకృతి వ్యవసాయం చేస్తుంది. ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన కార్యక్రమం అది, సంస్థ ఆఫీసు మన గుంటూరులోనే, చుట్టుగుంటలో. పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ 2024లో తన పెద్ద బహుమతిని ఇంకో ఇద్దరితో పాటు ఈ కార్యక్రమానికీ ఇచ్చింది. లిస్బన్‌లో తెలిసింది, చుట్టుగుంట పక్కనున్న మాకు తెలియలేదు! అందులో సగం బలం ఊళ్ళలోని మహిళా సంఘాలదే. బాగా చేసే రైతు పక్క రైతుకి నేర్పుతుంది, ఆఫీసరు వచ్చి ఉపన్యాసం ఇవ్వడు. ఆ వదిన మా దగ్గరికి వచ్చి మట్టి పిడికిట్లో పట్టి చూసి, ముందు కూరగాయలు మానెయ్యమంది. వేసవి చివర్లో, వానలకి ముందే సజ్జ, జొన్న, పెసర, మినుము, అలసంద, నువ్వు, జనుము, గోంగూర, తోటకూర అన్నీ కలిపి చల్లించింది. నేల ఎప్పుడూ పచ్చగా కప్పి ఉండాలట. నెలన్నర పాటు దాంట్లోంచే ఆకులు కోసుకుని, మిగిలింది మట్టిలో కలిపేశాం. రెండో ఏడాదికి వానపాములు కనిపించాయి.

మట్టికి బలంగా పోసే జీవామృతం, అంటే పులియబెట్టిన పేడ ద్రావణం, కొలత 200 లీటర్ల నీళ్ళకి చెబుతారు, మనకంత అక్కర్లేదు. 20 లీటర్ల నీళ్ళకి కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు, పొద్దునా సాయంత్రం కర్రతో కలపాలి. మూత బిగించొద్దు, గోనెపట్టా కప్పాలంతే. మేం వాసన వస్తుందని వాటర్ క్యాన్‌లో పోసి మూత బిగించి ఎండలో పెట్టాం. క్యాన్ గుమ్మడికాయలా ఉబ్బింది. మూత తీసినవాడు మా అబ్బాయి. ఆ రోజు మా వీధిలో ఎవరూ కిటికీలు తెరవలేదు.

ఇంతకీ తోట చెడేది పురుగు వల్ల కాదు, కోత వల్ల. మా మొదటి గొడవ దొండకాయల దగ్గర. తెల్లారేసరికి పందిరి ఖాళీ. ఎవరు కోశారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వాట్సాప్ గ్రూపులో సామెతలు నడిచాయి. చివరికి కుదిరిన పద్ధతి ఇది. ఆదివారం ఉదయం ఏడింటికే కోత. పనికి వచ్చినవాళ్ళు ఎందరో అన్ని కుప్పలు. కుప్పలు వేసినవాళ్ళు చివర తీసుకోవాలి. ఇది పెట్టాక తూకం గొడవే లేదు, కుప్పలు ఎంత సమానంగా పడతాయో మీరు చూడాలి. ఇంకోటి, కంచె బయట వరుసలో గోంగూర వేసి దాన్ని దారిన పోయేవాళ్ళకి వదిలేశాం. వీధి ఊడ్చేవాళ్ళు, వాచ్‌మన్ కుటుంబాలు కోసుకెళ్తారు. అప్పటినుంచి లోపలికి ఎవరూ దూకలేదు.

ఇక పోయిన సంగతి. స్థలం ఓనరు వేరే ఊళ్ళో ఉంటారు. "వాడుకోండమ్మా, దానిదేముంది" అని ఫోన్‌లో అన్నారు. రెండో ఏడు డిసెంబరులో, పాదు చిక్కుడు నిండా పూత మీద ఉండగా, పొద్దున్నే జేసీబీ వచ్చింది. స్థలం అమ్మేశారు. కొన్నాయన తప్పేం లేదు, ఆయనకి మా సంగతే తెలియదు. రెండు గంటల్లో చదును. బాధ చిక్కుడు పోయినందుకు కాదు, అది మళ్ళీ వేసుకోవచ్చు. ఆ గట్టున కాసర తీగలున్నాయి. కాసరకాయలు తెలుసు కదా, బొటనవేలంత కూడా ఉండవు, కాకర కంటే రేటెక్కువ. నూనెలో నిలువునా వేయించి వెల్లుల్లి కారం చల్లితే మా ఇంట్లో అన్నం గిన్నె ఖాళీ. దాని దుంప నల్లరేగడిలో ఎండాకాలమంతా పడుకుని తొలకరికి లేస్తుంది. ఎవరూ వేసింది కాదు, కాలనీ పడకముందు నుంచీ ఉన్న దుంపలవి. అవి ట్రాక్టరులో మట్టితోపాటు వెళ్ళిపోయాయి. పెద్దమ్మ ఆ రోజు ఏమీ అనలేదు, మేకల్ని ఇంకో దారిన తోలుకెళ్ళింది.

కాబట్టి నోటి మాట వద్దు. ఒక తెల్లకాగితం మీద ఎన్నాళ్ళో, ఖాళీ చేయమనాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో రాయించుకోండి. ఇప్పుడు మేం వాడుతున్న స్థలానికి పంట పూర్తయ్యేదాకా ఆగేలా రాసుకున్నాం.

మీకు ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్ళు మీ స్థలంలోకి వచ్చాయేమో కనుక్కోండి. సింగ్ నగర్‌లో మా ఆడపడుచు వాళ్ళ పెరట్లో నీళ్ళు తీశాక మురుగు ఒండ్రు మిగిలింది. పై మట్టి తీయించి, ఆ ఏడాది ఆకుకూరల జోలికి పోకుండా బంతి వేసుకున్నారు.

ఖర్చు తగ్గుతుందా అని అడుగుతారు. టమాటా, ఉల్లి, బంగాళాదుంప కొనాల్సిందే, ఆ ఆశ పెట్టుకోకండి. ఆకుకూరలు మాత్రం మేం జూన్ నుంచి ఫిబ్రవరి దాకా దాదాపు కొనం. రోహిణి కార్తెలో దేన్నీ బతికించాలని చూడకండి, వృథా టెన్షన్. మృగశిర వచ్చాక గోంగూర, తోటకూర, బచ్చలి తీగ ముక్కలు. పాదు చిక్కుడు ఎప్పుడు వేసినా చలికాలంలోనే పూస్తుంది, ఆషాఢంలో పెడితే చాలు. మునగ కొమ్మ ఒకటి మూల గుచ్చండి.

ఎర్ర గోంగూర, పాదు చిక్కుడు విత్తనాలు మా దగ్గర డబ్బాల్లో ఉన్నాయి, అడిగినవాళ్ళకి ఇస్తుంటాం. కాసర దుంపలు మాత్రం ఇంకా దొరకలేదు. పెద్దమ్మ పేరేచర్ల వైపు ఒక బీడులో చూశానంటోంది, ఈ వానలకి తీగ లేస్తే వెళ్ళి ఆ రైతుని అడగాలి.