పది మీద ఉన్న చిన్న అంకె ఏం చెబుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. సూర్యుడి దూరం 1.496 × 10⁸ కి.మీ. అని పుస్తకంలో ఉంది. అదెన్ని కోట్లో చెప్పమంటే తడబడుతోంది. ఇలాంటి రెండు సంఖ్యల్ని కూడమంటే 10 మీది అంకెల్ని కూడేస్తోంది. ఎలా నేర్పాలి?

జవాబు: లక్షలు, కోట్లు తెలిసిన పిల్లకు ఇందులో సగం ముందే వచ్చు. లక్ష అంటే 10⁵, కోటి అంటే 10⁷. ఈ రెండూ కంఠతా వస్తే చాలు. 10⁸ అంటే కోటికి పది రెట్లు. కాబట్టి 1.496ను పదితో గుణిస్తే 14.96 కోట్లు. పత్రికల్లో కనిపించే ‘లక్ష కోట్లు’ కూడా ఇంతే: 5, 7 కలిపితే 12, అంటే 10¹². ఇంగ్లీషు వార్తల్లో ట్రిలియన్ అనేది దీన్నే.

అంకెల్లో విడమరిచి రాసేటప్పుడు చాలామంది 1496 పక్కన ఎనిమిది సున్నాలు పెట్టేస్తారు. ఘాతాంకం, అంటే 10 మీది చిన్న అంకె, చెప్పేది సున్నాల లెక్క కాదు, దశాంశ బిందువు కుడివైపు ఎన్ని స్థానాలు జరగాలో చెబుతుంది. ఎనిమిదిలో మూడు స్థానాలు 4, 9, 6లకే పోతాయి. మిగిలిన ఐదింటికే సున్నాలు: 14,96,00,000.

వెనక్కి వచ్చేటప్పుడు మొదటి అంకెను వదిలేసి తక్కిన అంకెల్ని లెక్కపెట్టమనండి, అదే ఘాతాంకం. కామాల్ని చూసి మూడేసి చొప్పున లెక్కపెట్టనివ్వకండి. అది పాశ్చాత్య పద్ధతి. మన రాతలో కుడి నుంచి మొదటి కామాకు మూడు అంకెలు, ఆ తర్వాత రెండేసి.

గుణకారంలో ఘాతాంకాల్ని కూడతాం, భాగహారంలో తీసేస్తాం. సూర్యకాంతి మనల్ని చేరే కాలం చూడండి. వేగం సెకనుకు సుమారు 3 × 10⁵ కి.మీ. 1.496ను 3తో భాగిస్తే 0.499, 8లోంచి 5 పోతే 3. అంటే 0.499 × 10³. ప్రామాణిక రూపంలో ముందుండే సంఖ్య 1కి తగ్గకూడదు, 10 కంటే తక్కువగా ఉండాలి. కాబట్టి 4.99 × 10² సెకన్లు, అంటే 8 నిమిషాల 19 సెకన్లు.

కూడిక దగ్గర మాత్రం ఈ సూత్రం పనికిరాదు. మీ అమ్మాయి పొరబడింది ఇక్కడే. పౌర్ణమి నాడు చంద్రుడు మనకు అవతలి వైపు ఉంటాడు గనక, సూర్యుడి నుంచి అతని దూరం దాదాపు 1.496 × 10⁸ + 3.84 × 10⁵ కి.మీ. ఘాతాంకాలు కూడితే 10¹³ వస్తుంది, అంటే లక్షల కోట్ల కి.మీ.! పద్నాలుగు కోట్లకు నాలుగు లక్షలు కలిస్తే అంత అవుతుందా? ముందు రెండింటినీ ఒకే ఘాతానికి తేవాలి: 3.84 × 10⁵ అంటే 0.00384 × 10⁸. ఇప్పుడు కూడితే 1.49984 × 10⁸, 1.496లో లాగే నాలుగు సార్థక అంకెలకు (కొలిచి తెలుసుకున్న అంకెలకు) సవరిస్తే 1.500 × 10⁸. చివరి సున్నాల్ని కొట్టేయనివ్వకండి, అవి అక్కడిదాకా కొలిచామని చెబుతాయి.

రెండు సంఖ్యల్ని పోల్చాలంటే ముందు ఘాతాంకమే చూడాలి. భూమి ద్రవ్యరాశి 5.97 × 10²⁴ కిలోలు, సూర్యుడిది 1.99 × 10³⁰. ముందున్న 5.97 పెద్దదిగా కనిపించినా, సూర్యుడే 3,33,000 రెట్లు బరువు.

ప్రశ్న: సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో అవగాడ్రో సంఖ్య (6.022 × 10²³) కొడితే ఎప్పుడూ పది రెట్లు ఎక్కువ వస్తోంది.

జవాబు: 6.022, గుణకారం, 10, ‘ఎక్స్‌ప్’ బటన్, 23 అని కొడుతున్నట్టున్నారు. ఆ బటన్‌లోనే ‘ఇంటూ పది పవర్’ ఉంది. 6.022, ఎక్స్‌ప్, 23 అంతే కొట్టండి.

ప్రశ్న: ఎక్సెల్‌లో ఆధార్ నంబర్లు ఎక్కిస్తే మధ్యలో ‘ఈ’ అక్షరం, ప్లస్ 11 వస్తున్నాయి. నంబరు పోయినట్టేనా?

జవాబు: పోలేదు. 11 అంకెలు దాటగానే ఎక్సెల్ ఇలా కుదించి చూపిస్తుంది. ‘ఈ’ తర్వాతిది 10 మీది ఘాతాంకం. ఆ గడుల ఫార్మాట్‌ను ‘నంబర్’గా మార్చి, దశాంశ స్థానాలు 0 పెడితే అంకెలన్నీ కనిపిస్తాయి. అలా మార్చకముందే సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే మాత్రం పైకి కనిపించే కుదించిన రూపమే అందులోకి వెళుతుంది, అసలు అంకెలు పోతాయి. 16 అంకెల కార్డు నంబరుకు ఇంకో చిక్కుంది: ఎక్సెల్ 15 సార్థక అంకెలే దాచుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది, తిరిగి రాదు. అలాంటి వరుసను ఎక్కించకముందే ‘టెక్స్ట్’గా మార్చుకోండి.