యుద్ధం గురించి నిజం చెప్పింది ముద్రణ చిత్రకారులే

యుద్ధపు క్రూరత్వాన్ని ముద్రణ చిత్రకారులు (రేకు మీదో చెక్క మీదో బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీసేవారు) ఎలా చూపించారు, వర్ణచిత్రాలకూ వాటికీ తేడా ఏమిటి అని అడిగారు. బరంపురంలో చాలాకాలంగా పిల్లలకు లినోకట్ (మెత్తని లినోలియం పలకను చెక్కి అచ్చు తీసే పద్ధతి) నేర్పుతున్నాను కనుక నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. రాజు సొమ్మిచ్చి గీయించుకున్న తైలవర్ణచిత్రంలో గుర్రమెక్కిన సేనాపతి కనిపిస్తాడు. చిన్న రాగిరేకు మీద గీసుకునేవాడికి ఆ సేనాపతితో పని లేదు.

ఒకసారి మా నేతకారుల పేటలోని పిల్లలను యుద్ధం బొమ్మ వేయమంటే అందరూ ట్యాంకులు, జెండాలే వేశారు. పక్కనే గోపాలపూర్‌లో సైనిక శిక్షణ కేంద్రం ఉంది కనుక అందులో వింత లేదు. అప్పుడు వారికి ఫ్రెంచ్ చిత్రకారుడు జాక్ కాలో 1633లో ప్రచురించిన 18 ఎచింగ్‌లలో (లోహపు రేకు మీది గీతలను ఆమ్లంతో తినిపించి తీసే అచ్చులలో) ఒకదాని నకలు, అసలు పరిమాణంలోనే, చేతికిచ్చాను. జానెడు వెడల్పైనా లేని ఆ కాగితం మీద ఒక పెద్ద చెట్టు, దాని కొమ్మలకు వరుసగా వేలాడుతున్న మనుషులు, నిచ్చెన మీద శిలువ పట్టుకున్న మతాచార్యుడు కనిపిస్తారు. వీళ్ళు శత్రువులా సార్ అని ఒక అమ్మాయి అడిగింది. కాదమ్మా, ఊళ్ళు దోచుకున్నందుకు సొంత సైన్యమే ఉరితీసిన సిపాయిలు అన్నాను. ఆ అమ్మాయి కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని వెతికి, చెట్టు కింద డోలు మీద పాచికలు వేస్తున్న ఇద్దరిని వేలితో చూపించింది. గోడమీది పెద్ద చిత్రాన్ని ఎవరూ అలా వెతకరు. నా దృష్టిలో ముద్రణ చిత్రం బలమంతా అక్కడే ఉంది.

స్పెయిన్ చిత్రకారుడు గోయా 1810 నుంచి దాదాపు పదేళ్ళపాటు చెక్కిన 'యుద్ధ బీభత్సాలు' అనే శ్రేణి ఆయన బతికుండగా ప్రచురణకు నోచుకోలేదు. ఆయన 1828లో మరణిస్తే, 80 చిత్రాలు 1863లో గాని వెలువడలేదు. పారిపోతున్న జనాన్ని చూపే ఒక చిత్రం కింద 'నేను చూశాను' అని మాత్రమే ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మెషిన్‌గన్ పేల్చిన జర్మన్ చిత్రకారుడు ఆటో డిక్స్ 1924లో 50 ఎచింగ్‌లు ప్రచురించాడు. వాటిలో కుళ్ళిన దేహాలను చూస్తే, ఆమ్లం రేకును తిన్నదా, మాంసాన్ని తిన్నదా అనిపిస్తుంది. 1914 అక్టోబరులో కొడుకును అదే యుద్ధంలో పోగొట్టుకున్న జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్జ్ చెక్కిన ఏడు చెక్కబ్లాకులలోనైతే యుద్ధభూమే ఉండదు, తల్లిదండ్రులు, వితంతువులు ఉంటారు.

ఇంతటి కళను మనవైపు ఇప్పటికీ నకలుగానే చూస్తున్నారు. ఒక ప్రదర్శనలో నిర్వాహకులు నా లినోకట్‌లను జిరాక్సులని పక్కన పెట్టినప్పుడు కలిగిన బాధ నాకు నేటికీ తగ్గలేదు. బ్లాకు చెక్కి, సిరా పూసి, ఒక్కొక్క కాగితాన్నీ చేత్తో ఒత్తి తీసినది నకలు ఎలా అవుతుంది?

వీరందరిలో నేను అగ్రస్థానం ఇచ్చేది బెంగాలీ చిత్రకారుడు సోమనాథ్ హోర్‌కే. 1943 బెంగాల్ కరువును కళ్ళారా చూసి, బొమ్మలుగా గీసిన ఆయన, 1970లలో మట్టిపలకను కత్తితో కోసి, దాని నుంచి సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జు అదిమి 'గాయాలు' అనే శ్రేణి చేశారు. తెల్లని కాగితం మీద తెల్లగానే ఉబ్బిన కోతలు తప్ప మనిషీ లేడు, ఆయుధమూ లేదు. ఫోన్ తెర మీద అవి సరిగా కనిపించవు కనుక, ఢిల్లీ వెళ్ళినప్పుడు నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో హోర్ కృతులు ప్రదర్శనలో ఉన్నాయేమో అడగండి. ఉంటే ఎదురుగా కాకుండా, వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడి చూడండి.