కట్నం ఇస్తే తోటలో వాటా పోతుందా?

ప్రశ్న: మా నాన్నగారు పలాస దగ్గర సొంత సంపాదనతో కొన్న మూడెకరాల జీడితోటకు వీలునామా రాయకుండానే కాలం చేశారు. అమ్మ, ఇద్దరు అన్నయ్యలు, నేను ఉన్నాం. పెళ్లిలో కట్నం ఇచ్చారు గనుక నాకు వాటా లేదంటూ పెద్దన్నయ్య పాసుపుస్తకం తన పేరిట మార్పించుకున్నాడు. నేనేం చేయాలి?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ వాటా ఎక్కడికీ పోలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేని స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా చెందుతుంది కనుక, మీ నలుగురికీ తలా 75 సెంట్లు వస్తాయి. మీ నానమ్మగారు నాన్నగారి మరణం నాటికి జీవించి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది, అప్పుడు తలా 60 సెంట్లే. కట్నం ఇచ్చారన్న మాట ఈ హక్కును రద్దు చేయదు. అలా అనడం అన్యాయం కూడా. పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదని న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి.

అన్నయ్యలు ఎంత బతిమాలినా, చదవకుండా హక్కు విడుదల పత్రంపై సంతకం పెట్టకండి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించి, తోట అమ్మకమో తాకట్టో జరిగిందేమో చూసుకోండి. పెద్దమనుషుల మాటతో తెగకపోతే సివిల్ కోర్టులో భాగపంపిణీ దావా వేయాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.