శ్రీశైలమే ఎందుకంటే

మీ ఊళ్లోనే శివాలయం ఉండగా అమ్మగారు శ్రీశైలమే వెళ్లాలని ఎందుకు పట్టుబడుతున్నారని అడిగారు కదండీ. 12 జ్యోతిర్లింగాల్లో ఒకటైన మల్లికార్జునుడు, 18 శక్తిపీఠాల్లో ఒకటైన భ్రమరాంబ ఒకే ప్రాంగణంలో కొలువైన చోటు అది. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది స్పర్శ దర్శనం. చాలా పెద్ద గుళ్లలో దేవుణ్ణి దూరం నుంచే చూస్తాం. ఇక్కడ మామూలు భక్తులు కూడా లింగాన్ని చేత్తో తాకి మొక్కుకోవచ్చు. అమ్మగారి మనసులో ఉన్నది బహుశా అదే.

శ్రీశైలం దగ్గర కొండ మీదున్న శిఖరేశ్వరం నుంచి గుడి శిఖరం చూస్తే మళ్లీ జన్మ ఉండదని పెద్దల నమ్మకం. అక్కడ మెట్లున్నాయి, మెల్లగా ఎక్కించండి. సాక్షి గణపతినీ దర్శించుకోండి, మనం వచ్చామని సాక్ష్యం చెప్పేది ఆయనే.

స్పర్శ దర్శనం అన్నివేళలా ఉండదు, రద్దీ రోజుల్లో ఆపేస్తారు. ముందే దేవస్థానం వెబ్‌సైట్‌లో వేళలు చూసి టికెట్ తీసుకుంటే టెన్షన్ ఉండదు.