కరోనా పోయిందంటున్నారు, నాకు మాత్రం ఇల్లు దాటాలంటే భయం

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు 38. 2021 జూన్‌లో మా మామయ్య గారు కరోనాతో పోయారు. ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్ళారు. పన్నెండో రోజు కూడా ఇంట్లో వాళ్ళమే ఉన్నాం. అప్పుడు ఇంట్లో అందరికీ వచ్చింది, మొదట జ్వరం వచ్చింది నాకే. సరుకులకు బజారుకు వెళ్ళేది నేనే కాబట్టి నేనే తెచ్చానేమోనని అనుమానం. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇప్పటికీ జనంలోకి వెళ్తే గుండె దడ, చెమటలు. గుడి, సినిమా, పెళ్ళిళ్ళు అన్నీ మానేశాను. కూరగాయలు ఉప్పునీళ్ళలో నానబెట్టందే వంటింట్లోకి రానివ్వను. "ప్రపంచ ఆరోగ్య సంస్థే అయిపోయిందని చెప్పింది, ఇంకా ఏంటి నీకు?" అని మా వారు విసుక్కుంటున్నారు. వచ్చే నెల ఆడపడుచు కూతురి పెళ్ళి. ఆఫీసు వాళ్ళేమో ఆయన్ని హైదరాబాద్ వచ్చేయమంటున్నారు. అత్తయ్య గారు ఈ ఇల్లు వదిలి రానంటున్నారు. పదో తరగతికి వచ్చిన మా అమ్మాయి ఎవరితోనూ కలవదు. అందరూ మామూలు జీవితంలో పడ్డారు. నేనెప్పటికి పడతాను?

జవాబు: అమ్మా, మీరు భయం గురించి చాలా రాశారు. కానీ "నేనే తెచ్చానేమో" అన్న ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. రెండేళ్ళుగా దాన్ని మీరొక్కరే మోస్తున్నారు. ముందు దాని సంగతి చూద్దాం, పెళ్ళి విషయం తర్వాత.

ఆ రోజులు ఒకసారి గుర్తు చేసుకోండి. 2021 మే 5 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. పాలు, మందులు, బియ్యం ఏది కావాలన్నా పొద్దున 6 నుంచి 12 లోపే. దాంతో ఊరంతా ఆ కొద్ది గంటల్లోనే బజారు మీద పడేది. రాష్ట్రంలో అన్ని జిల్లాలకన్నా ఎక్కువ కేసులు వచ్చింది కూడా అప్పటికి కాకినాడ కలిసే ఉన్న మీ తూర్పు గోదావరిలోనే. పైగా ఈ జబ్బు జ్వరం రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఎదుటివాళ్ళకు అంటుకుంటుంది. కొందరికి ఏ లక్షణమూ ఉండదు. అందుకని ముందు జ్వరం వచ్చినవాళ్ళే ముందు తెచ్చినవాళ్ళని చెప్పడానికి లేదు. మీ వారి నుంచి వచ్చి ఉండొచ్చు. మామయ్య గారే వాకిట్లో ఎవరినో పలకరించినప్పుడు వచ్చి ఉండొచ్చు. ఎంత పెద్ద డాక్టరైనా ఇప్పుడది తేల్చలేడు. మీరు మాత్రం తప్పు మీ మీదే వేసుకుని తేల్చేసుకున్నారు. ఇంటిల్లిపాదికీ తిండి కావాలి కాబట్టి మీరు బజారుకు వెళ్ళారు. ఎవరో ఒకరు వెళ్ళక తప్పని రోజులవి.

మీ భయానికి అసలు కారణం వైరస్ కాదేమోనని నాకనిపిస్తోంది. జనంలోకి వెళ్ళడమంటే అదే తప్పు మళ్ళీ చేయడమని మీ మనసు లెక్క. అందుకే కేసులు తగ్గినా మీ దడ తగ్గలేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది ఒక్కటే, 2020 జనవరి 30న ప్రకటించిన అత్యవసర పరిస్థితి ముగిసిందని. వైరస్ లేకుండా పోయిందని ఆ సంస్థ కూడా అనలేదు. ఒక ఇంట్లో దుఃఖం తీరిందో లేదో చెప్పడం ఎవరి చేతిలోనూ లేదు.

మీ వారి విసుగు వెనక కూడా ఏదో ఉంది. ఆయన తండ్రిని పోగొట్టుకున్నారు, నలుగురిలో ఏడ్చే వీలు కూడా దొరకలేదు. "అయిపోయింది, అయిపోయింది" అని అంతగా అంటున్నారంటే, లోపల ఇంకా అవ్వలేదనే అర్థం చేసుకుంటాను నేను. మీ అనుమానం సంగతి ముందు ఆయనతోనే చెప్పండి. పోట్లాట మధ్యలో వద్దు. అమ్మాయి పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి, "నాకు జనం అంటే భయం కాదండీ, మామయ్య గారికి నా వల్లే వచ్చిందేమోనని రెండేళ్ళుగా కుమిలిపోతున్నాను" అనండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి అత్తయ్య గారి దగ్గర కూర్చోండి. ఇలాంటి ఇళ్ళలో ఒకరికి తెలియకుండా ఒకరు, ప్రతి ఒక్కరూ తామే కారణమనుకుంటూ ఉండటం నేను చూస్తుంటాను. ఆసుపత్రికి ఒకరోజు ముందే తీసుకెళ్ళాల్సిందని ఆవిడ, రెండో డోసు వేయించలేకపోయానని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. 2021 మే నెలలోనే కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును 12-16 వారాలకు పెంచారు. ఎందరో పెద్దవాళ్ళు ఒక్క డోసుతోనే ఆగిపోయారు. ఆ ఆలస్యానికి కొడుకు ఎలా బాధ్యుడవుతాడు? ఒకవేళ మాటల్లో ఎవరైనా కటువుగా అంటే అక్కడితో ఆపి, మిగతాది కౌన్సెలర్ ఎదుట మాట్లాడుకోండి.

చావు జరిగిన ఇంటికి మనుషులు రావడం మన దగ్గర ఊరికే పెట్టుకున్న ఆచారం కాదు. వచ్చినవాళ్ళకు జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడంలోనే సగం బరువు దిగుతుంది. మీ ఇంటికి ఆ పరామర్శ దక్కలేదు. జ్యేష్ఠ మాసంలో మామయ్య గారి తద్దినం వస్తుంది కదా. ఈసారి దగ్గరి బంధువుల్ని, ఆయన స్నేహితుల్ని, ఇరుగుపొరుగును పిలవండి. పెరట్లోనో మేడ మీదో షామియానా వేయిస్తే గాలి ఆడుతుంది, మీకూ ధైర్యంగా ఉంటుంది. భోజనాలయ్యాక ఎవరినీ వెంటనే పంపేయకండి. ఆయన గురించి మాట్లాడుకోనివ్వండి. అత్తయ్య గారు ఏడిస్తే ఏడవనివ్వండి, మీరూ ఏడవండి. నా సలహాల్లో మీరు ఒక్కటే పాటించగలిగితే ఇది పాటించండి.

భయం సంగతి. దాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటూ తగ్గించుకోవాలి, ఒకేసారి ఫంక్షన్ హాల్లోకి దూకితే తగ్గదు. ముందు సాయంత్రం పూట అమ్మాయితో బీచ్‌కి వెళ్ళండి. తర్వాత తెల్లవారుజామున రద్దీ లేనప్పుడు రైతు బజారుకు. ఆ తర్వాత గుడికి, జనం తక్కువ ఉండే రోజున. దడ మొదలవగానే ఇంటికి పరుగెత్తకండి. పక్కకు వచ్చి నిలబడి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉండండి. దడ పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. దిగాకే కదలండి. మధ్యలో వచ్చేస్తే, వచ్చేశాను కాబట్టే గండం తప్పిందని మనసు నమ్ముతుంది, మర్నాడు భయం ఇంకాస్త పెరుగుతుంది. మాస్క్ పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి, ఎవరేమన్నా పట్టించుకోవద్దు. ఉప్పునీళ్ళు మాత్రం మానేయండి. ఈ వైరస్ ముఖ్యంగా గాలి ద్వారా మనిషి నుంచి మనిషికి వస్తుంది. కూరగాయల్ని మంచినీళ్ళతో కడిగితే చాలు.

పెళ్ళికి వెళ్ళండి, అయితే మీకు వీలైనంతసేపే. ఆడపడుచుకు ముందే ఫోన్ చేసి విషయం చెప్పండి. తలుపు దగ్గర కూర్చోండి, అక్షింతలు వేయండి, మొదటి బంతిలో భోంచేసి వచ్చేయండి. తన తండ్రి లేకుండా కూతురి పెళ్ళి చేస్తున్న ఆడపడుచుకు, వదిన గంటసేపైనా వచ్చిందన్నదే ముఖ్యం.

మీ పాప ఏడో తరగతి చాలావరకు ఫోన్‌లోనే చదివింది. స్నేహాలు కుదిరే వయసులో నాలుగు గోడల మధ్య ఉండిపోయింది. "వెళ్ళు, కలువు" అని తరమకండి. ఒక్క స్నేహితురాలిని ఇంటికి భోజనానికి పిలవండి.

నిద్ర పట్టకపోయినా, దడ రోజూ వస్తున్నా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకండి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండేళ్ళ నాటి దుఃఖం, భయం మందులతో, మాటలతో తగ్గుతాయి.

హైదరాబాద్ విషయం మాత్రం తద్దినం అయ్యేవరకూ ఇంట్లో ఎత్తకండి. ఆఫీసులో ఇంకొంత గడువు అడగమని మీ వారితో చెప్పండి. ఇవ్వకపోతే ముందు ఆయనొక్కరే వెళ్ళి, శని ఆదివారాలు వచ్చి పోవచ్చు. భర్త చివరిసారిగా గడప దాటి వెళ్ళిన ఇల్లది. ఎప్పుడు తాళం వేయాలో అత్తయ్య గారినే చెప్పనివ్వండి.