డిగ్రీ చదివి కొండల్లో ఉత్తరాలు పంచుతానంటున్నాడు

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. అబ్బాయికి 23 ఏళ్లు, బీకాం అయింది. టెన్త్ స్టేట్ బోర్డు, 88 శాతం. కిందటేడు కూనూరు వైపు ట్రెక్కింగ్‌కి వెళ్లొచ్చాడు. అప్పట్నుంచి కొండ ఊళ్లలో పోస్ట్‌మ్యాన్‌గా చేరతానని ఒకటే పట్టు. జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్) నోటిఫికేషన్ పడితే నీలగిరికో, మా పుట్టింటివాళ్లున్న పాడేరుకో దరఖాస్తు పెడతాడట. ‘డిగ్రీ చదివించింది ఉత్తరాలు పంచడానికా?’ అని వాళ్ల నాన్న మాట్లాడటం మానేశారు. అసలు ఇది గవర్నమెంటు ఉద్యోగమేనా? ఏనుగులు తిరిగే చోటికి పిల్లాణ్ణి ఎలా పంపను? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి కూనూరులో ఎవరి కథ విన్నాడో నేను ఊహించగలను. చిన్న రైలు పట్టాల వెంట, అడవిలో రోజుకు 15 కిలోమీటర్లు నడిచి ఉత్తరాలు పంచిన ఒక పోస్ట్‌మ్యాన్ 2020లో రిటైరయ్యారు. ఒక ఐఏఎస్ అధికారిణి ఆయన గురించి ట్విట్టర్‌లో రాస్తే దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిన మనిషే. కాకపోతే ఆ నడక వెనకున్న జీతం లెక్క ఎవరూ చెప్పరు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను.

గ్రామీణ డాక్ సేవక్ అంటే మన పెద్దవాళ్లు ‘ఈడీ’ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) అనేవారే. వీళ్లది సివిల్ పోస్టే, అంటే ప్రభుత్వ కొలువేనని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. అయినా రెగ్యులర్ కేంద్ర ఉద్యోగుల లెక్కలోకి రారు. రోజుకు నాలుగైదు గంటల పని. దానికి ఇచ్చేదాన్ని జీతం అనరు, టీఆర్‌సీఏ (పని గంటల లెక్కన ఇచ్చే భత్యం) అంటారు. నాలుగు గంటల పనికి బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్ (బీపీఎం) అయితే 12,000, అసిస్టెంట్ (ఏబీపీఎం) అయితే 10,000తో మొదలు. దాని మీద డీఏ ఉంటుంది. 2025 జూలైలో అది 58 శాతం, ఆ లెక్కన 10,000 అన్నది 15,800 అయింది. ఏటా మూడు శాతం పెరుగుతుంది. 65 ఏళ్ల దాకా చేయొచ్చు. మీవారికి తెలిసిన పెన్షన్ మాత్రం ఉండదు, దిగిపోయేటప్పుడు గ్రాట్యుటీ, డిశ్చార్జ్ బెనిఫిట్ కింద కొంత డబ్బు వస్తుంది.

అందరూ చదవకుండా దాటేసే షరతు ఇంకొకటుంది. ఈ పనిలో చేరేవాడికి బతకడానికి వేరే ఆధారం ఉండాలని రూల్సే అంటున్నాయి. అంటే ఇది ఊళ్లో ఇల్లూ పొలమో కొట్టో ఉన్న మనిషికి పూటపనిగా ఇచ్చే కొలువు. మా బాబాయి ఇలాగే ఈడీ బీపీఎంగా చేశారు. ముందుగదిలో ఒక పక్క తపాలా పెట్టె, తూకం, ముద్ర. ఇంకో పక్క కుట్టుమిషన్. మధ్యాహ్నం సంచీ కట్టి పంపేశాక జాకెట్లు కుట్టేవారు. పిల్లల్ని చదివించింది ఆ మిషనే. పోస్టు వల్ల ఊళ్లో మర్యాద దక్కింది, అదీ తక్కువేం కాదు.

ఇక పని గురించి. మీ అబ్బాయి ఊహలో సంచీ నిండా ఉత్తరాలు ఉండి ఉంటాయి. ఇప్పుడు అందులో ఉండేవి ఆధార్, పాన్ కార్డులు, బ్యాంకు నోటీసులు, ఆన్‌లైన్ పార్సిళ్లు. రిజిస్టర్డ్ పోస్టును కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. సంచీతో పాటు చేతిలో ఒక మొబైల్ మిషన్. ముసలమ్మ వేలు పెడితే ఆమె ఖాతాలోని డబ్బు తీసి గుమ్మంలోనే ఇవ్వాలి. పొదుపు ఖాతాలు తెరిపించాలి, గ్రామీణ తపాలా బీమా కట్టించాలి. వీటికి టార్గెట్లు ఉంటాయి, పైనుంచి ఫోన్లు వస్తాయి. నడక కంటే ఈ టెన్షన్ వల్లే కుర్రాళ్లు ఎక్కువ విసిగిపోతారని నా అనుభవం. కొండల్లో దీనికి తోడు సిగ్నల్ బాధ. వేలిముద్ర పడక, ఆ ముసలమ్మను మళ్లీ రమ్మనలేక, సిగ్నల్ దొరికే మలుపు దాకా ఆమెతో కలిసి నడవాల్సిన రోజులుంటాయి. నీలగిరిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి. బస్సు రాకపోతే సంచీ రాదు. ఊళ్లో వాళ్లు అడిగేది మాత్రం మీ వాణ్ణే.

ఏనుగుల భయం నిజమే, కొట్టిపారేయను. తేయాకు తోటల్లో అడవి దున్నలతోనూ జాగ్రత్తగా ఉండాలి. అక్కడివాళ్లు ఏ వేళకు ఏ దారిలో వెళ్లకూడదో చిన్నప్పటి నుంచే నేర్చుకుంటారు. మీ వాడు వాళ్లను అడిగి నేర్చుకోవాలి. ఇందులో మొండితనం పనికిరాదు.

పాడేరు సంగతి తేల్చేద్దాం. దరఖాస్తు పెట్టే తపాలా సర్కిల్ (అంటే దాదాపు ఆ రాష్ట్రం) భాషను టెన్త్ దాకా సబ్జెక్టుగా చదివి ఉండాలని నిబంధన. మీ వాడు తెలుగును సబ్జెక్టుగా చదవకుండా తమిళం చదివి ఉంటే ఆంధ్ర సర్కిల్ తలుపు మూసినట్టే. ఇంట్లో ఎంత చక్కటి తెలుగు మాట్లాడినా లెక్కలోకి రాదు. ఆ తమిళంతోనే నీలగిరికి పెట్టుకోవచ్చు. పరీక్ష, ఇంటర్వ్యూ ఏమీ లేవు, టెన్త్ మార్కులే ఆధారం. బీకాంకు ఇక్కడ విలువ లేదు. 2024 జూలైలో దేశం మొత్తం మీద 44,228 ఖాళీలు, 2025 మొదట్లో 21,413 ఖాళీలు వచ్చాయి. అయినా నేను చూసిన జాబితాల్లో ఓసీ, ఓబీసీ కటాఫ్‌లు 90 దాటినవే ఎక్కువ. 88తో రావచ్చు, రాకపోవచ్చు. అన్నట్టు, దరఖాస్తు ఫీజు 100 రూపాయలే. ‘పోస్టు ఇప్పిస్తా’నని ఎవరైనా లక్షలు అడిగితే వాడు దొంగ.

చేరాక డిపార్ట్‌మెంటు పరీక్షలు రాసి ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), పోస్ట్‌మ్యాన్ పోస్టుల్లోకి వెళ్లే దారి ఉంది. పోస్ట్‌మ్యాన్ మూలవేతనం 21,700తో మొదలు, అది రెగ్యులర్ ఉద్యోగం. కాకపోతే పోస్టింగ్ ఏ టౌన్‌లోనో పడొచ్చు, కొండ అక్కడే ఉండిపోతుంది. కొండే కావాలంటే తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే టీఎన్‌పీఎస్‌సీ గ్రూప్-4 పరీక్ష కూడా చూడమనండి. 2024 నుంచి ఫారెస్ట్ గార్డు పోస్టులు అందులోనే కలిశాయి.

నా సలహా ఇది. దరఖాస్తు పెట్టనివ్వండి, బీపీఎం పోస్టును ముందు ప్రాధాన్యంగా పెట్టమనండి. అయితే ఎంపికైతే పోస్టాఫీసుకు గది తనే చూపించాలి, ఆ ఊళ్లోనే కాపురం ఉండాలి. కాబట్టి వచ్చే నవంబరులో నీలగిరిలోని కోటగిరి వైపు ఒక నెల గది అద్దెకు తీసుకుని ఉండి రమ్మనండి, ట్రెక్కింగ్ గుంపుతో కాదు, ఒక్కణ్నే. ఆ నెలలో తేల్చుకోవాల్సింది ఒకటే: మధ్యాహ్నం నుంచి ఏం చేసి సంపాదిస్తాడు? అక్కడ ఎకరం రెండెకరాల తేయాకు రైతులు, చిన్న కొట్లవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసి పెట్టే మనిషి కావాలి. పోస్టాఫీసు అడగని బీకాం అక్కడ అన్నం పెట్టొచ్చు. మీవారితో ఈ లెక్కే మాట్లాడండి, ఉత్తరాల సంగతి తర్వాత.

వెళ్లేటప్పుడు గొడుగు కాదు, రెయిన్‌కోటు సర్దండి. సంచీ మోస్తూ కొండ ఎక్కేవాడికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.